సెల్ టవర్లు పడిపోయినా మాట అందాలంటే: విశాఖ పేటల మధ్య తనంతట తాను సర్దుకునే రేడియో వల

2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలికి కరెంటు స్తంభాలు ఒరిగాయి, సెల్ సేవలు ఆగిపోయాయి. పక్క పేటలో ఉన్న అమ్మానాన్నలు క్షేమమో కాదో తెలుసుకోవడానికి, పడిన చెట్ల మీంచి దాటుకుంటూ నడిచి వెళ్లినవాళ్లు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు. ఆ పూట ఎవరికీ వీడియో కాల్ అక్కర్లేదు. "ఇక్కడ అందరం బాగున్నాం", "ఇన్సులిన్ కావాలి", "కింది అంతస్తులోకి నీళ్లొచ్చాయి" అన్న ముప్ఫై నలభై అక్షరాలు రెండు మూడు కిలోమీటర్లు దాటి ఉంటే చాలు.

ఆ నలభై అక్షరాలను మోసే వలను మీరే కట్టుకునే పద్ధతి ఇది. పది పన్నెండు చిన్న రేడియో నోడ్‌లు (మెసేజ్ విని ముందుకు పంపే పెట్టెలు), నాలుగైదు అపార్టుమెంట్ల డాబాలు, ఓపిక ఉన్న కొద్దిమంది మనుషులు ఉంటే మొదలుపెట్టొచ్చు. ఈ వలకు నడిబొడ్డు ఉండదు, సర్వర్ ఉండదు, అందరికీ ఆజ్ఞలిచ్చే యంత్రం ఉండదు. కేంద్రం ఉన్న ఏ వ్యవస్థ అయినా ఆ కేంద్రంతో పాటే పోతుంది కనుక, కేంద్రమే లేకుండా బతికే జీవుల దగ్గర నుంచి సూత్రాలు తీసుకుంటున్నాం. చీమకు పుట్ట మొత్తం పటం తెలియదు, కప్పకు చెరువులో ఎన్ని కప్పలున్నాయో తెలియదు. పక్కనున్నవాటిని గమనించి ఒకటి రెండు చిన్న నియమాలు పాటిస్తాయి, అంతే. మొత్తం గుంపుకు క్రమం దానంతటదే వస్తుంది.

ఇలాంటి వలల గురించి రాసేవాళ్లు ఎక్కువగా దారి కనుక్కోవడం గురించి రాస్తారు. నా దృష్టిలో అసలు పని దారిని మరిచిపోవడం. పాత సమాచారాన్ని ఎంత వేగంగా వదులుకోవాలో తెలియని వల, ఎండ కాసిన రోజుల్లో చక్కగా పనిచేసి గాలి లేచిన రోజున మొరాయిస్తుంది. అందుకే కింద ఆ భాగం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

1. ఏం మోయాలో ముందు తేల్చుకోండి

మనం వాడబోయే లోరా రేడియో చాలా తక్కువ కరెంటుతో కిలోమీటర్ల దూరం వెళ్తుంది, కానీ మెల్లగా మాట్లాడుతుంది. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ అనే అమరికను ఒక మెట్టు పెంచితే రెండున్నర డెసిబెళ్ల వరకు వినికిడి మెరుగవుతుంది, అయితే ఒక్కో చిహ్నానికి పట్టే సమయం రెట్టింపవుతుంది. 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో 20 బైట్ల ప్యాకెట్‌కు 7వ మెట్టు మీద సుమారు 57 మిల్లీసెకన్లు, 9వ మెట్టు మీద 185 మిల్లీసెకన్లు, 12వ మెట్టు మీద 1.3 సెకన్లు పడుతుంది. ఊరి లోపల 9తో మొదలుపెట్టమని నా సలహా. 12వ మెట్టు దూరం వెళ్తుంది కదా అని అందరూ దాన్నే వాడితే ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగిలిన ఊరంతా నోరు మూసుకుని కూర్చోవాలి.

తెలుగులో రాసే మనకు ఇక్కడ ఇంకో చిక్కుంది. మామూలు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. అచ్చుకు, హల్లుకు, గుణింతపు గుర్తుకు వేటికవే. నలభై గుర్తుల మెసేజ్ 120 బైట్లవుతుంది, 9వ మెట్టు మీద 0.64 సెకను గాలిని ఆక్రమిస్తుంది. అయితే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలు మొత్తం 128 మాత్రమే. అంటే ప్రతి గుర్తునూ ఒక్క బైట్‌లో ఇమిడ్చే పట్టిక మీరే రాసుకోవచ్చు, ఇంకా సగం చోటు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీలో "క్షేమం", "వైద్యం కావాలి", "తాగునీరు లేదు", "పడవ రాలేదు" వంటి మాటలకు ఒక్కో బైట్ ఇవ్వండి. ఈ పని ఒక సాయంత్రం పడుతుంది. యాంటెన్నా మీద పెట్టే ఖర్చు కంటే దీనివల్ల వచ్చే లాభమే ఎక్కువ.

2. కొండలను చూసి నోడ్‌లు పెట్టండి

విశాఖలో రేడియో కట్టేవాడికి కొండే శత్రువు, కొండే మిత్రుడు. ఎంవీపీ కాలనీ నుంచి సాగర్‌నగర్ వైపు సూటిగా మాట్లాడాలంటే కైలాసగిరి అడ్డం. పెందుర్తి వైపు వెళ్లాలంటే సింహాచలం కొండల వరుస అడ్డం. గాజువాక వైపు నుంచి యారాడ గ్రామానికి యారాడ కొండ అడ్డం. అదే సముద్రపు ఒడ్డున, పెదజాలరిపేట నుంచి ఆర్‌కే బీచ్ మీదుగా ఫిషింగ్ హార్బర్ దాకా, అడ్డులేని సూటి చూపు చాలా చోట్ల దొరుకుతుంది.

కంటికి కనిపిస్తే చాలనుకోవద్దు. రేడియో తరంగం గీతలాగా కాకుండా మధ్యలో ఉబ్బిన ఆకారంలో ప్రయాణిస్తుంది. దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. మన పౌనఃపున్యం (సుమారు 866 మెగాహెర్ట్జ్) దగ్గర రెండు కిలోమీటర్ల దూరానికి ఆ ఉబ్బు సరిగ్గా మధ్యలో 13 మీటర్ల వ్యాసార్ధం ఉంటుంది, ఐదు కిలోమీటర్లకు 21 మీటర్లు. అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి. డాబా మీద నిలబడి చూస్తే అవతలి డాబా కనిపిస్తున్నా, నడుమ కొబ్బరి చెట్ల తలలు ఆ ఉబ్బులోకి వస్తే వానాకాలంలో లింకు బలహీనపడుతుంది. తడిసిన ఆకులు సంకేతాన్ని ఇంకా ఎక్కువ మింగేస్తాయి.

కైలాసగిరి మీద ఒక్క నోడ్ పెడితే సగం ఊరు కలిసిపోతుంది కదా అన్న ఆలోచన అందరికీ వస్తుంది. అనుమతి దొరికితే పెట్టండి. కాని దాన్ని నమ్ముకుని కింది నోడ్‌లు తగ్గించకండి. ఎత్తున ఉన్నదానికే గాలి దెబ్బ ముందు తగులుతుంది. ప్రతి నోడ్‌కూ కనీసం ఇద్దరు పొరుగువాళ్లు ఉండాలి, వీలైతే ముగ్గురు. ఆ పొరుగువాళ్లలో కొందరు ఎత్తైన డాబాల మీద, కొందరు పిట్టగోడ చాటున, కిటికీ లోపల ఉండాలి. ఎగిరిపోయేవి ఎగిరిపోయాక మిగిలేవి ఆ చాటునున్నవే. ఇంకొక మాట: డాల్ఫిన్స్ నోస్, హార్బర్ పరిసరాల్లో నౌకాదళ ప్రాంతాలు ఉన్నాయి. అక్కడ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ రేడియో పరికరమూ పెట్టకండి.

3. సామాను, చట్టం

మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లోనే వీలు కల్పించారు. ట్రాన్స్‌మిటర్ శక్తి ఒక వాట్, యాంటెన్నాతో కలిపి వెలువడే శక్తి నాలుగు వాట్లు దాటకూడదు. బోర్డులు 433, 868, 915 అని మూడు రకాలుగా అమ్ముతారు. మీకు కావలసింది 868 రకం, సాఫ్ట్‌వేర్‌లో ప్రాంతం భారత్ అని ఎంచుకోవాలి. ఎస్‌ఎక్స్1262 అనే లోరా చిప్ ఉన్న బోర్డు తీసుకోండి. దానికి తోడుగా ప్రోగ్రామ్ నడిపే చిప్ ఈఎస్‌పీ32 అయితే ప్రోగ్రామ్ రాయడం తేలిక, ఎన్‌ఆర్‌ఎఫ్52840 అయితే బ్యాటరీ ఎన్నో రెట్లు ఎక్కువ రోజులు నిలుస్తుంది. సగటున 60 మిల్లీఆంపియర్లు తాగే నోడ్ 3000 ఎంఏహెచ్ బ్యాటరీ మీద రెండు రోజులు నడుస్తుంది, 10 మిల్లీఆంపియర్లతో సరిపెట్టుకునేది పన్నెండు రోజులు నడుస్తుంది. తుపాను తర్వాత ఎండ వెంటనే రాదు, కరెంటు అంతకంటే ఆలస్యం. డాబాల మీద పెట్టేవి రెండో రకమే అయితే మేలు.

యాంటెన్నా బిగించకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి, ట్రాన్స్‌మిటర్ కాలిపోవచ్చు. ఒడ్డున ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబారిపోతాయి కనుక సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు (తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) చుట్టండి, డబ్బాకు అడుగున చిన్న రంధ్రం వదలండి, లోపల చేరిన తేమ కారిపోతుంది.

ప్రోగ్రామింగ్ రానివాళ్లు మెష్‌టాస్టిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టొచ్చు. అందులో ఒక నోడ్ పలికింది విన్నవాళ్లు తిరిగి పలుకుతారు. బలహీనంగా విన్నవాడు, అంటే దూరంగా ఉన్నవాడు, ముందు పలుకుతాడు. ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు చేరడం ఒక గెంతు అనుకుంటే, మామూలుగా మూడు గెంతులు, గరిష్ఠంగా ఏడు. చిన్న పేటకు అది చాలు. కింద చెప్పేదంతా ఆ పరిధి దాటి, దారులు నేర్చుకుని మార్చుకునే వల కావాలనుకునే వాళ్లకు.

4. బోర్డు ముట్టుకునే ముందు, ల్యాప్‌టాప్ మీద రెండు వంతెనలు

1989లో బ్రస్సెల్స్‌లో గోస్, డెన్యూబూర్, వారి సహచరులు అర్జెంటీనా చీమల గూటికీ తిండికీ మధ్య రెండు దారులు పెట్టారు. ఒకటి రెండోదానికి రెట్టింపు పొడవు. మొదట చీమలు రెండింటి మీదా సమానంగా వెళ్లాయి. చీమ నడిచిన దారిన వాసన వదులుతుంది. పొట్టి దారిన వెళ్లినవి ముందు తిరిగొచ్చాయి కనుక ఆ దారిన వాసన ముందు చేరింది, వాసన ఉన్న వైపు ఇంకొన్ని చీమలు మళ్లాయి. కొద్ది నిమిషాల్లో ఎక్కువ భాగం పొట్టి దారికి వచ్చేశాయి. ఎవరూ కొలవలేదు, ఎవరూ చెప్పలేదు.

ఇది అందరూ చెప్పే కథ. దానికి రెండో భాగం ఉంది, మనకు కావలసింది అదే. మొదట పొడుగు దారి ఒక్కటే ఇచ్చి, అరగంట తర్వాత పొట్టి దారి తెరిచారు. చాలావరకు గుంపు పొడుగు దారినే ఉండిపోయింది. అప్పటికే పేరుకున్న వాసన అంత త్వరగా ఆవిరి కాలేదు, కొత్తదారి మీదికి ఎప్పుడో ఒక చీమ వెళ్లినా అది వేసిన వాసన ఎవరినీ లాగలేకపోయింది.

అంటే నిజమైన చీమలే మన అవసరానికి తగినంత వేగంగా మరిచిపోవు. 1992లో మిలాన్‌లో మార్కో డోరిగో తన పరిశోధన గ్రంథంలో చీమల పద్ధతిని గణనకు మలిచినప్పుడు ఆవిరి వేగాన్ని మనిషి ఎంచుకునే అంకెగా పెట్టాడు. 1998లో డి కారో, డోరిగో కలిసి యాంట్‌నెట్ పేరుతో అదే ఊహను కంప్యూటర్ నెట్‌వర్కుల దారులకు వాడారు.

మీరు చేయవలసింది: పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాయండి. రెండు దారులు, ఒక్కోదానికి ఒక వాసన అంకె, ప్రతి అడుగులో వాసనల నిష్పత్తిలో ఎంపిక, తిరిగొచ్చినప్పుడు చేర్పు, ప్రతి నిమిషం కొంత శాతం ఆవిరి. ముందు ఆవిరి సున్నా పెట్టి నడపండి, పొట్టి దారిని ఆలస్యంగా తెరవండి, గుంపు ఇరుక్కుపోవడం మీ కళ్లతో చూడండి. తర్వాత ఆవిరి పెంచుకుంటూ పోండి. ఒక స్థాయి దగ్గర గుంపు విడివడుతుంది, ఇంకా పెంచితే ఏ దారీ నిలవకుండా ఊగిసలాడుతుంది. ఆ రెండు అంచుల మధ్య మీరు పని చేయాలి. ఇది స్వయంగా చూడకుండా బోర్డుల దగ్గరికి వెళ్లినవాళ్లకు, డాబా మీద సమస్య వచ్చినప్పుడు అది యాంటెన్నాదో నియమానిదో తేల్చుకోవడం కష్టమవుతుంది.

5. పొరుగువాళ్ల పరిచయం

ప్రతి నోడ్ "నేనున్నాను" అని అప్పుడప్పుడు పలకాలి. ఎంత తరచుగా? ఊరు మార్పు లేకుండా ఉన్నప్పుడు అరుదుగా, మార్పు కనిపించగానే గబగబా. ట్రికిల్ అనే పద్ధతి దీనికి సరిపోతుంది. 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6206 అనే ఇంటర్నెట్ పత్రంగా ప్రమాణమైంది. మొదట 8 సెకన్ల విరామం, కొత్త సంగతి లేకపోతే 16, 32, 64, అలా ఎనిమిది సార్లు రెట్టింపై 34 నిమిషాల దాకా పోతుంది. కొత్త పొరుగువాడు కనిపించినా, ఉన్నవాడు మాయమైనా మళ్లీ 8కి దిగుతుంది.

ఈ పద్ధతిలో ఇంకో నియమం ఉంది: నేను చెప్పబోయేదే పక్కవాళ్లు అప్పటికే చెప్పేస్తే నేను ఊరుకుంటాను. కొత్త పట్టిక, కొత్త అమరిక వంటి ఊరంతటికీ ఒకటే అయిన కబుర్లకు దాన్ని వాడండి. "నేనున్నాను" అనే పలుకుకు మాత్రం వాడకండి, పక్కవాడు తన ఉనికి చెప్పినంత మాత్రాన నా ఉనికి తెలియదు కదా.

6. దారి గుర్తు, దారి మరుపు

ఇదే వల గుండెకాయ. ప్రతి నోడ్ ఒక పట్టిక పెట్టుకుంటుంది: ఫలానా గమ్యానికి, ఫలానా పొరుగువాడి ద్వారా వెళ్తే, ఇంత వాసన. చీమ అనేది ఒక చిన్న ప్యాకెట్. గమ్యం దాకా వెళ్తుంది, తాను తాకిన నోడ్‌లను రాసుకుంటుంది, అదే దారిన తిరిగొస్తూ ప్రతి నోడ్‌లోనూ వాసన వేస్తుంది.

ఎంత వేయాలి? గెంతుల సంఖ్యను బట్టి వేయొద్దు. మొత్తం ఎన్నిసార్లు పలకాల్సి వస్తుందో అంచనా వేసి దాని విలోమం వేయండి. ఎంవీపీ కాలనీ నోడ్ ఫిషింగ్ హార్బర్‌కు మెసేజ్ పంపాలనుకుందాం. పెదవాల్తేరు మీదుగా రెండే గెంతులు, కాని భవనాలు అడ్డమై సగం ప్యాకెట్లు పోతున్నాయి. ఒక్కో గెంతుకు సగటున రెండుసార్లు, మొత్తం నాలుగు పలుకులు, వాసన 0.25. పెదజాలరిపేట, ఆర్‌కే బీచ్ మీదుగా మూడు గెంతులు, కాని పదింటికి తొమ్మిది అందుతున్నాయి. మొత్తం 3.33 పలుకులు, వాసన 0.30. చుట్టుదారే మేలైన దారి. గెంతులు మాత్రమే లెక్కపెట్టే వల ఇక్కడ తప్పటడుగు వేస్తుంది.

ఇప్పుడు ఆవిరి. లెక్క తేలికగా ఉండాలని ఒక్కో దారిన నిమిషానికి ఒక చీమ, నిమిషానికి 10 శాతం ఆవిరి అనుకుంటే పెదవాల్తేరు వాసన 2.5 దగ్గర, జాలరిపేట వాసన 3.0 దగ్గర స్థిరపడతాయి. చీమలను వాసనల నిష్పత్తిలో పంపండి, అవి అన్వేషకులు. అసలు మెసేజ్‌లను మాత్రం వాసనల వర్గాల (అంకెను అదే అంకెతో గుణించగా వచ్చేవాటి) నిష్పత్తిలో పంపండి, అప్పుడు మంచి దారి వైపు ఇంకాస్త మొగ్గుతాయి. ఈ లెక్కన వందకు 59 మెసేజ్‌లు జాలరిపేట మీదుగా, 41 పెదవాల్తేరు మీదుగా పోతాయి.

గాలి లేచి జాలరిపేట నోడ్ పడిపోయింది. ఇక ఆ వైపు కొత్త వాసన చేరదు, ఉన్నది ఆవిరవుతుంది. ఏడు నిమిషాలకు 1.43 మిగులుతుంది, అప్పటికీ నాలుగింట ఒక మెసేజ్ చచ్చిపోయిన దారిలోకే వెళ్తుంటుంది. పావుగంటకు గాని అది ఆరు శాతానికి తగ్గదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పావుగంట చాలా ఎక్కువ.

సరే, ఆవిరి 30 శాతం చేద్దాం. ఐదు నిమిషాల్లోనే నాలుగు శాతానికి దిగుతుంది. కాని ఇంత వేగంగా మరిచిపోయే వలకు మంచి దారులను నిలుపుకోవడానికి కూడా నిమిషం నిమిషం చీమలు కావాలి. చీమ ఒకటి మూడు గెంతులు పోయి రావడానికి 9వ మెట్టు మీద 1.1 సెకన్లు తీసుకుంటుంది. పన్నెండు నోడ్‌లు నిమిషానికి ఒక్కోటి పంపితే 13 సెకన్లు, అంటే నిమిషంలో 22 శాతం గాలి చీమలకే పోయింది. వరుస లేకుండా ఎవరికి తోచినప్పుడు వాళ్లు మాట్లాడే ఛానెల్‌లో ఎంత చేసినా ఉపయోగపడేది 18 శాతానికి మించదని, అలోహా అనే పాత రేడియో నెట్‌వర్కు నుంచి వచ్చిన లెక్క చెబుతుంది. చీమలు దారులు వెతుకుతూ వెతుకుతూ దారులనే మూసేస్తాయి.

దీనికి మందు, మరుపును రెండు రకాలుగా విడదీయడం. కాలంతో వచ్చే మరుపు నెమ్మదిగా ఉండనివ్వండి: నిమిషానికి 10 శాతం కూడా కాదు, చీమలు ఐదు నిమిషాలకోసారి, ఆవిరి ఆ విరామానికి 10 శాతం. చీమల వాటా నాలుగున్నర శాతానికి దిగుతుంది. దెబ్బతో వచ్చే మరుపు మాత్రం వెంటనే జరగాలి: పక్క నోడ్‌కు మెసేజ్ ఇచ్చి రసీదు రాని ప్రతిసారీ ఆ దారి వాసనను సగం చేయండి. మూడు రసీదులు రాకపోతే 3.0 కాస్తా 0.375 అవుతుంది, మెసేజ్‌లలో ఆ దారి వాటా రెండు శాతానికి పడిపోతుంది. పావుగంట పట్టే పని మూడు పలుకుల్లో అయిపోయింది. ఒక్క రసీదు రానంత మాత్రాన దారిని పూర్తిగా చెరిపేయకండి, రెండు ప్యాకెట్లు గాల్లో ఢీకొన్నా రసీదు రాదు. సగం చేయడంలో ఉన్న ఓర్పు అందుకే.

మెసేజ్‌లు కూడా చీమలే. నిజమైన చీమ తిండి మోస్తూనే వాసన వేస్తుంది. గమ్యం నుంచి రసీదు తిరిగొచ్చిన ప్రతి మెసేజ్‌కూ ఆ దారిలో వాసన చేర్చండి, అప్పుడు రద్దీగా ఉన్న దారులకు వేరే అన్వేషకులు అక్కర్లేదు. మధ్య నోడ్ ముందుకు పంపలేకపోతే ముందు తన దగ్గరున్న మిగతా పొరుగువాళ్లను ప్రయత్నించాలి, ఎవరూ లేకపోతే "ఇటు దారి లేదు" అని వెనక్కి చెప్పాలి. ఆ మాట విన్న నోడ్ కూడా సగానికి కోస్తుంది.

చివరి నియమం, చాలామంది వదిలేసేది: వాసనకు అడుగు హద్దు పెట్టండి, 0.05 వంటిది. ఏ దారీ సున్నాకు చేరకూడదు. పడిపోయిన నోడ్‌ను ఎవరో వెళ్లి నిలబెడితే, ఎప్పుడో ఒక చీమ అటు వెళ్లి ఆ సంగతి కనుక్కోవాలంటే ఆ కాస్త వాసన మిగలాలి. పై హద్దు కూడా పెట్టండి, లేకపోతే కైలాసగిరి లాంటి నోడ్ మీద పేరుకున్న వాసనను కరిగించడం కష్టం.

7. ఒకరి మాట మీద ఒకరు పడకుండా

జపాన్ చెట్టుకప్పల మగవి పక్కపక్కన కూర్చున్నప్పుడు ఒకేసారి అరవవు, వంతులు వేసుకుంటాయి. ఒకేసారి అరిస్తే ఏది ఎక్కడుందో ఆడకప్పకు తెలియదు. అదే మనకూ కావాలి. 2007లో డీసింక్ పేరుతో వచ్చిన పద్ధతి చాలా సరళం: ప్రతి నోడ్ నిమిషానికి ఒకసారి తన వంతు గుర్తుగా చిన్న కూత వేస్తుంది (ఇది పైన చెప్పిన "నేనున్నాను" పలుకు కాదు), తనకు ముందు ఎవరు పలికారో, తర్వాత ఎవరు పలికారో గమనిస్తుంది, ఆ ఇద్దరి నడిమధ్యకు జరుగుతుంది. ముందువాడు 10వ సెకనులో, మీరు 20లో, తర్వాతివాడు 50లో పలికితే నడిమధ్య 30. ఒకేసారి అక్కడికి దూకకుండా సగం దూరం, 25కు జరగండి. కొన్ని చుట్లలో అందరూ సమానంగా సర్దుకుంటారు. కొత్త నోడ్ వస్తే మళ్లీ జరిగి చోటిస్తారు. అందరి గడియారాలూ కలవాల్సిన పని లేదు, చుట్టు పొడవు ఒకటైతే చాలు.

కొండల ఊళ్లో దీనికి ఒక సవరణ తప్పదు. మీకు వినపడని నోడ్, మీ పక్క నోడ్‌కు వినపడుతుంది. మీరిద్దరూ ఒకేసారి పలికితే మధ్యవాడికి రెండూ పోతాయి. అందుకే "నేనున్నాను" ప్యాకెట్‌లో తాను విన్నవాళ్ల సమయాలు కూడా చేర్చాలి, రెండు గెంతుల దూరంలో ఉన్నవాళ్లను కూడా పక్కవాళ్లుగానే లెక్కించాలి.

మిణుగురుల సంగతి దీనికి తలకిందులు. మలేసియా, థాయ్‌లాండ్ మడ అడవుల్లో మిణుగురులు చెట్టు చెట్టంతా ఒక్కసారే వెలుగుతాయి. పక్కది మెరిసినప్పుడు ప్రతి పురుగూ తన గడియారాన్ని కాస్త ముందుకు జరుపుకోవడంతోనే ఇది సాధ్యమని మిరోల్లో, స్ట్రోగాట్జ్ 1990లో గణితంతో చూపారు. అన్ని నోడ్‌లూ ఒకేసారి నిద్రపోయి ఒకేసారి లేవాలంటే ఇది పనికొస్తుంది. 20 పీపీఎం (పది లక్షలకు ఇరవై) తేడా ఉన్న గడియారపు స్ఫటికం రోజుకు 1.7 సెకన్లు జరుగుతుంది కనుక రోజూ సర్దుకోవాలి. అయినా మొదటి ఏడాది దీని జోలికి పోవద్దంటాను. సోలార్ పలక, పొదుపైన బోర్డు ఉన్నచోట నిద్రతో మిగిలే కరెంటు కంటే, సమయం తప్పిన నోడ్‌ను వెతకడంలో పోయే కాలమే ఎక్కువ.

పంపే వేగానికి మాత్రం కోత చీమలను అనుసరించండి. తిండితో ఎంత వేగంగా చీమలు తిరిగొస్తుంటే అంత వేగంగానే కొత్తవి బయటికి వెళ్తాయని, ఇంటర్నెట్ రద్దీని అదుపు చేసే పద్ధతితో ఇది సరిపోలుతుందని 2012లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డెబొరా గార్డన్, బాలాజీ ప్రభాకర్, వారి సహచరులు చూపారు. మీ నోడ్‌లో నియమం: రసీదులు వస్తుంటే క్యూ కదపండి, రాకపోతే ఆగండి. పోయిన మెసేజ్‌నే వరసపెట్టి కొడుతూ ఉంటే పక్కవాళ్ల మాటా పోతుంది.

8. తుపాను మోడ్

వల తనంతట తాను గ్రహించి మారాలి. ప్రతి నోడ్‌కూ బీఎంపీ280 వంటి పీడన సెన్సర్ కలపండి. ఒక జాగ్రత్త: మన అక్షాంశాల్లో గాలి పీడనం ఏ తుపానూ లేకపోయినా ఉదయం పది ప్రాంతంలో పెరిగి సాయంత్రం నాలుగు ప్రాంతంలో మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ తగ్గుతుంది. అందుకని గంట క్రితంతో పోల్చకుండా నిన్న ఇదే వేళతో పోల్చండి. వాతావరణ శాఖ చూసేది కూడా ఇరవై నాలుగు గంటల మార్పునే. ఐదు హెక్టోపాస్కల్స్‌కు మించి పడితే నోడ్ తన అనుమానాన్ని ప్రకటిస్తుంది.

అనుమానం ఒక్కటే వస్తే ఎవరూ కదలకూడదు. సముద్రంలో వెలుగు విరజిమ్మే విబ్రియో ఫిషరీ బాక్టీరియా, చుట్టూ తగినంత మంది ఉన్నారని రసాయన సంకేతం చిక్కబడితేనే వెలుగుతుంది, 1970లో నీల్సన్, హేస్టింగ్స్ చూపిన విషయం. అలాగే ముగ్గురు వేర్వేరు పొరుగువాళ్లు చెబితేనే నోడ్ మోడ్ మారుతుంది. ఒక సెన్సర్‌లోకి నీరు చేరినంత మాత్రాన ఊరు ఉలిక్కిపడదు. మోడ్ మారాక చీమల విరామం రెండు నిమిషాలకు తగ్గుతుంది, కబుర్లు ఆగి ఆపద సంకేతాలకే చోటు మిగులుతుంది. ఇది ప్రకటన చేసే యంత్రం కాదు. హెచ్చరిక చెప్పవలసింది విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రమే, మన వల తన దారులను మాత్రమే సిద్ధం చేసుకుంటుంది. పడవల మీద నోడ్ పెట్టినా సముద్రంలో ఆపదలో సాయం పిలిచే వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్‌కు అది బదులు కాదు. వేటకు వెళ్లేవాళ్లకు ఈ మాట స్పష్టంగా చెప్పండి.

9. తాళం

వాసన ఎవరైనా వేయగలిగితే అబద్ధపు వాసన కూడా వేయగలరు. ఒక దుర్మార్గపు నోడ్ "అన్ని దారులూ నా మీదుగానే" అని ప్రకటించి మెసేజ్‌లన్నీ మింగేయొచ్చు. చీమలతో సహా ప్రతి ప్యాకెట్‌కూ ఏఈఎస్ (రహస్య సంకేతీకరణ పద్ధతి) తాళం, క్రమసంఖ్య పెట్టండి. పాత సంఖ్యతో వచ్చినదాన్ని పారేయండి. వాసనను రసీదు ఆధారంగానే వేసే నియమం కూడా ఇక్కడ కొంత కాపాడుతుంది: మింగేసేవాడి దగ్గర నుంచి గమ్యం రసీదు రాదు.

10. పడగొట్టి చూడండి

అన్నీ పనిచేస్తున్నప్పుడు చేసిన పరీక్ష ఏమీ చెప్పదు. ఒక ఆదివారం ఉదయం అందరూ సిద్ధంగా ఉన్నప్పుడు, ముందుగా అన్నిటికంటే ఎక్కువ వాసన ఉన్న నోడ్‌ను ఆపేయండి. మీ ఊళ్లో అది కైలాసగిరిదో ఆర్‌కే బీచ్‌దో అవుతుంది. మూడు విషయాలు రాసుకోండి: ఆపాక ఎన్ని మెసేజ్‌లు పోయాయి, పదింటికి తొమ్మిది అందే స్థితికి రావడానికి ఎంతసేపు పట్టింది, తిరిగి ఆన్ చేశాక వల దాన్ని కనుక్కోవడానికి ఎంతసేపు పట్టింది. మూడోది రెండోదానికంటే చాలా ఎక్కువ వస్తే మీ అడుగు హద్దు మరీ చిన్నది. రెండోది ఎక్కువైతే దెబ్బ మరుపు సరిగా పనిచేయడం లేదు, రసీదుల భాగం వెతకండి. మెసేజ్‌లు ఒక దారి నుంచి ఇంకో దారికి ఊరికే ఊగుతుంటే కోత మరీ పదునుగా ఉంది, సగానికి బదులు మూడోవంతు మాత్రమే తగ్గించి చూడండి.

తర్వాత రెండు నోడ్‌లు ఒకేసారి ఆపండి, తర్వాత ఒక వైపు ఉన్న మూడింటిని. ఎక్కడో ఒకచోట వల రెండు ముక్కలవుతుంది. ఆ చీలిక మ్యాపు మీద ఎక్కడ పడుతుందో గుర్తించి, కొత్త నోడ్ అక్కడ పెట్టండి. చీలినప్పుడు మెసేజ్‌లు పారేయకుండా కొన్ని గంటలు దాచి, అవతలి ముక్క కనిపించగానే పంపేలా నోడ్‌లో చోటు ఉంచండి.

ఈ పరీక్ష వేసవిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి చేయండి. చెట్లకు ఆకు ఉన్నప్పుడు ఒకలా, లేనప్పుడు ఇంకోలా లింకులు మారతాయి, కొత్త అంతస్తులు లేస్తాయి. సెప్టెంబరు పరీక్షతో పాటే బ్యాటరీల సామర్థ్యం కొలవండి, కనెక్టర్ల టేపు విప్పి చూసి మళ్లీ చుట్టండి, ప్రతి డాబా తాళం ఎవరి దగ్గరుందో ఒక కాగితం మీద రాసి నోడ్ డబ్బా మూత లోపలి వైపు అంటించండి.